మోల్డోవా రెఫరెండంలో బయటి డబ్బు ఎంత పనిచేసింది? ఆ ఫలితాన్ని నమ్మొచ్చా?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. రుమేనియా, ఉక్రెయిన్ మధ్య ఉన్న చిన్న దేశం మోల్డోవాలో 2024 అక్టోబరు 20న జరిగిన రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) రష్యా డబ్బు పంచిందన్నది నిజమేనా అన్నది మొదటిది. నిజమైతే, 50.35 శాతంతో నెగ్గిన ఫలితం మీద అక్కడి జనానికి నమ్మకం ఎందుకు ఉండాలి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సులువు: పంచింది, ఆధారాలున్నాయి. రెండోది అంత సులువు కాదు. ఎందుకంటే అక్కడ విసుగెత్తింది ఓడిన వాళ్లకే కాదు, గెలిచిన వాళ్లకూ.

ముందు లెక్క చూద్దాం. యూరోపియన్ యూనియన్‌లో చేరే లక్ష్యంతో రాజ్యాంగాన్ని సవరించడానికి మీరు సమ్మతమేనా అన్నది ప్రశ్న. దాదాపు 15 లక్షల ఓట్లు పడితే ‘అవును’కీ ‘కాదు’కీ మధ్య తేడా పదిన్నర వేలు. మన దగ్గర ఒక అసెంబ్లీ స్థానంలో మామూలుగా వచ్చే మెజారిటీ అంత. పైగా దేశం లోపల పడ్డ ఓట్లు మాత్రమే లెక్కేస్తే ‘కాదు’ సుమారు 54 శాతంతో నెగ్గింది. ఇటలీ, జర్మనీ, రుమేనియా లాంటి చోట్ల పనిచేసుకునే ప్రవాసులు 77 శాతం దాకా ‘అవును’ అనడంతో రాత్రి మొదట్లో ఓడిపోతున్నట్టు కనిపించిన ఫలితం తెల్లారేసరికి తిరగబడింది. సర్వేల్లో హాయిగా గెలుస్తుందనుకున్న ప్రశ్న ఇలా గట్టెక్కడంతో, గెలుపు సభలో ఉండాల్సిన ముఖాలు ఆ రాత్రి టీవీలో పాలిపోయి కనిపించాయి.

ఇక డబ్బు దారి. ఇందులో అసలు పేరు ఇలాన్ షోర్, మోల్డోవా వ్యాపారి, రాజకీయ నాయకుడు. 2014లో మూడు మోల్డోవా బ్యాంకుల నుంచి వంద కోట్ల డాలర్లు, అంటే ఆ దేశ జీడీపీలో దాదాపు ఎనిమిదో వంతు, మాయమైన కేసులో 2023 ఏప్రిల్‌లో ఇతనికి 15 ఏళ్ల శిక్ష పడింది. అప్పటికే దేశం దాటేశాడు, తర్వాత మాస్కోలో స్థిరపడ్డాడు. ఇతని పార్టీని 2023 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం రద్దు చేసింది. 2024 ఏప్రిల్ 21న మాస్కోలో ‘విజయం’ అనే అర్థం వచ్చే పేరుతో కొత్త కూటమి కట్టాడు. ఆ సభకు వెళ్లొచ్చిన వాళ్లు మర్నాడు రాజధాని కిషినౌ విమానాశ్రయంలో దిగినప్పుడు జేబుల్లో ఏముందో చూస్తే మొత్తం కిటుకు అర్థమవుతుంది. ఒక్కొక్కరి దగ్గర పదివేల యూరోలకు కాస్త తక్కువ. పదివేలు దాటితే కస్టమ్స్‌కు చెప్పాలి కాబట్టి ఆ గీత దాటకుండా మోసుకొచ్చారు. మాస్కో నుంచి నేరుగా విమానాలు లేవు గనక ఇస్తాంబుల్ మీదుగా, యెరెవాన్ మీదుగా వచ్చారు. ఆ ఒక్క విడతలో అధికారులు పట్టుకున్నది పది లక్షల డాలర్లకు పైనే.

సంచుల్లో మోసే పద్ధతికి హద్దు ఉంటుంది. అందుకని వేసవి దాటేసరికి ఖాతాల్లోకి మారారు. రష్యా ప్రభుత్వానిదైన ప్రోమ్‌స్వ్యాజ్‌బ్యాంక్, రక్షణ రంగానికి డబ్బులిచ్చే బ్యాంకు ఇది, ఆంక్షల్లో ఉంది. మోల్డోవాలో ఒక్క శాఖ కూడా లేదు. అయినా పల్లెటూళ్లలో జనం ఫోన్‌లో దాని యాప్ పెట్టుకున్నారు. టెలిగ్రామ్ బాట్‌లో పేరు, గుర్తింపు కార్డు వివరాలు ఇస్తే ఖాతా, నెలనెలా జమ. నమోదు చేసుకుంటే ముప్పై డాలర్లకు అటూఇటుగా, పని పెరిగితే ఇంకా ఎక్కువ. పైన మాస్కోలో ఒకరు, కింద జిల్లా నాయకులు, వాళ్ల కింద ఊరి పెద్దలు, అట్టడుగున ‘మద్దతుదారులు’. గొలుసుకట్టు వ్యాపారం తెలిసిన వాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. పోలీసు అధిపతి వియోరెల్ చెర్నౌత్స్యాను చెప్పిన లెక్క ప్రకారం సెప్టెంబరులోనే కోటిన్నర డాలర్లు వచ్చాయి. సెప్టెంబరు, అక్టోబరు కలిపితే 3.9 కోట్ల డాలర్లు, అందుకున్నవాళ్లు 1,38,000 మంది. ‘జియారుల్ దే గార్దా’ అనే వారపత్రిక విలేకరులు మారుపేర్లతో ఆ గొలుసులో చేరి నెలల తరబడి లోపలి సంగతులు రాశారు. పోలింగ్ రోజున, రష్యా అండతో విడిగా ఉంటున్న ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంత వాసుల కోసం పెట్టిన ఒక బూత్ దగ్గర ఓటేసి బయటికొచ్చిన మహిళ, డబ్బు ఎవరిస్తారో చెప్పమని బీబీసీ బృందాన్నే అడిగింది. ఇస్తానన్నవాడు కనిపించకుండా పోయాడట. ఓటుకు నోటు అన్నిచోట్లా ఒక్కలాగే నడుస్తుందనిపిస్తుంది, చివర్లో ఎగ్గొట్టడంతో సహా.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 1,38,000 మంది డబ్బు తీసుకున్నారు, తేడా పదిన్నర వేలు, కాబట్టి కొన్న ఓట్లన్నీ తీసేస్తే ‘అవును’ భారీగా నెగ్గేదని వాదిస్తారు. ఖాతా వేరు, ఓటు వేరు. ఓటు రహస్యం. డబ్బు తీసుకున్నవాడు ఏం గుర్తు మీద ముద్ర వేశాడో కొన్నవాడికి తెలియదు. బ్యాలెట్ ఫొటో తీయడం అక్కడ నిషేధం. అందుకే తెలివైన కొనుగోలుదారు మనసు మార్చడానికి డబ్బు పెట్టడు. ఎలాగూ ‘కాదు’ అనేవాణ్ణి ఇంట్లోంచి బూత్ దాకా నడిపించడానికి, లేదా ‘అవును’ అనేవాణ్ణి ఇంట్లోనే కూర్చోబెట్టడానికి పెడతాడు. మొత్తం ఓటర్లలో మూడోవంతు మంది రాకపోతే రెఫరెండం చెల్లదన్న నిబంధన ఉంది కాబట్టి, ఇంట్లో కూర్చోబెట్టడం కూడా లెక్కలోకే వస్తుంది. పోలింగ్ 50 శాతం దాటడంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ రాత్రే అధ్యక్షురాలు మైయా సాండు మూడు లక్షల ఓట్లు కొనడానికి చూశారని ప్రకటించారు. అది ప్రయత్నం లెక్క, అందులో ఎన్ని పడ్డాయన్నది ఏ కోర్టులోనూ తేలలేదు.

ఒక ఫలితం డబ్బుతో మారిందా లేదా అని చూడాలంటే అదే ఊరి పాత లెక్క పక్కన పెట్టాలి. గగౌజియానే తీసుకోండి. తుర్కిక్ మూలాలున్న, రష్యన్ మాట్లాడే స్వయంప్రతిపత్తి ప్రాంతం. 2024లో అక్కడ 95 శాతం దాకా ‘కాదు’. వార్తల్లో ఇదే పెద్ద రుజువుగా చూపించారు, ఎందుకంటే పింఛనుదారులకూ ప్రభుత్వ జీతగాళ్లకూ రష్యా ‘మీర్’ బ్యాంకు కార్డుల ద్వారా నెలకు 2,000 లెయి (సుమారు వంద యూరోలు) ఇస్తామని ఆ ఏప్రిల్‌లోనే ప్రకటించారు. కానీ 2014 ఫిబ్రవరిలో, ఈ కార్డులేవీ లేనప్పుడు, అదే గగౌజియా సొంతంగా పెట్టుకున్న ప్రజాభిప్రాయ సేకరణలో రష్యా కస్టమ్స్ కూటమికి 98 శాతం ఓట్లు పడ్డాయి. అంటే అక్కడ డబ్బు అభిప్రాయాన్ని పుట్టించలేదు, ఉన్న అభిప్రాయానికి జీతం ఇచ్చింది. డబ్బు ప్రభావం వెతకాల్సింది ఉత్తరాన, మధ్యలో, ఓట్లు సగం సగం చీలే జిల్లాల్లో. అలాంటిచోట నూటికి రెండు కదిలినా దేశం లెక్క తారుమారవుతుంది.

రెండో పరీక్ష, రెండు వారాల తర్వాత జరిగిన అధ్యక్ష ఎన్నిక రెండో విడత. నవంబరు 3న సాండు 55.35 శాతంతో నెగ్గారు. ఈలోగా పోలీసులు గొలుసును కొంత తెంచారు, డబ్బు తీసుకుంటే 37,500 లెయి దాకా జరిమానా పడుతుందని ఊరూరా చెప్పారు. అంత చేసినా దేశం లోపలి ఓట్లలో ప్రత్యర్థి స్టోయానోగ్లోకే 51 శాతం వచ్చింది. కాబట్టి ‘కాదు’ అన్నవాళ్లంతా అమ్ముడుపోయారన్న మాట నిలబడదు. దేశం నిజంగానే నిలువునా చీలి ఉంది.

జనం విసుగుకు మూలం నా లెక్కలో ఇదే. 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 34 శాతం దాటింది, గ్యాస్ బిల్లు చలికాలపు పింఛనును మింగేసింది. ఆ కోపంతో ‘కాదు’ అన్న ముసలావిణ్ణి మర్నాడు టీవీలో రష్యా కూలి కింద జమకట్టారు. ఆమె ఇంక ఏ ప్రశ్నకైనా నిజం ఎందుకు చెబుతుంది? ‘అవును’ అన్నవాళ్ల గోడు వేరు. చట్టబద్ధంగా గెలిచి కూడా, దేశం లోపల ఓడారని వినాలి, ప్రవాసుల ఓటు అరువు ఓటని వినాలి. మాస్కోలో రెండే పోలింగ్ కేంద్రాలు పెట్టి, ఒక్కోదానికి ఐదు వేల బ్యాలెట్లే ఇవ్వడం ఈ వాదనకు ఇంకా ఆజ్యం పోసింది. భద్రత కారణమని ప్రభుత్వం చెప్పింది. అందులో పస లేకపోలేదు, కానీ రష్యాలో పనిచేసే మోల్డోవా వాళ్లకి అది వివక్షగానే కనిపించింది.

మరి యూరప్ చేసింది బయటి ప్రభావం కాదా అని కూడా మీరు అడగొచ్చు. పోలింగ్‌కు సరిగ్గా పది రోజుల ముందు, అక్టోబరు 10న, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్ కిషినౌ వచ్చి 180 కోట్ల యూరోల ప్యాకేజీ ప్రకటించారు. ఎన్నికల ముందు పథకం ప్రకటించడం చూడని తెలుగువాడు ఎవరూ ఉండరు. తేదీ యాదృచ్ఛికం అని నమ్మక్కర్లేదు. అయినా రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. ఇచ్చేది ఎవరో పేరుంది, మొత్తం ఎంతో పద్దుంది, షరతులు బహిరంగం, డబ్బు ప్రభుత్వ ఖజానాకు వస్తుంది తప్ప ఓటరు ఫోన్‌లోకి కాదు. ఓటరు దాన్ని చూసి ఇష్టపడొచ్చు, తిట్టుకోవచ్చు. రహస్య ఖాతాలోకి వచ్చే జమను అలా తూచే వీలు లేదు. ఓఎస్‌సీఈ (ఐరోపా భద్రత, సహకార సంస్థ) ఎన్నికల పరిశీలకులు కూడా అక్రమ విదేశీ జోక్యాన్ని ఎండగడుతూనే, అభ్యర్థులందరికీ సమాన అవకాశాలు దక్కలేదని రాశారు. ఆ రెండో వాక్యాన్ని కిషినౌ మీడియాలో చాలామంది దాటేశారు.

అసలు తప్పు ఇంకొకటి ఉంది, దానికి మాస్కోను తిట్టి లాభం లేదు. రెఫరెండంను అధ్యక్ష ఎన్నిక రోజునే పెట్టారు. పోలింగ్ శాతం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది, సాండుకు ఊపొస్తుంది అనుకున్నారు. ఆ లెక్క తిరగబడింది. సాండు మీద కోపమున్నవాడికి ఆమెను కొట్టడానికి రెండు కాగితాలు దొరికాయి. యూరప్ ఇష్టమే గానీ ఆమె ఇష్టం లేనివాడు ‘కాదు’ మీద ముద్ర వేశాడు. స్టోయానోగ్లో వాదన కూడా ఇదే, యూరప్‌కు తను వ్యతిరేకం కాదు, ఈ రెఫరెండం అధికార పార్టీ ఎత్తుగడ అని. పైగా ఎన్నికలో డబ్బు దొరికితే అభ్యర్థిని తప్పించవచ్చు. రెఫరెండంలో తప్పించడానికి ‘కాదు’ అనే మాట తప్ప ఎవరున్నారు? ఒకే ప్రశ్న, ఒకే రోజు, మళ్లీ అడగరు. బయటివాడి డబ్బుకు ఇంతకంటే మంచి పెట్టుబడి దొరకదు.

చట్టం దృష్టిలో కథ ముగిసింది. రాజ్యాంగ న్యాయస్థానం అక్టోబరు 31న ఫలితాన్ని ఖరారు చేసింది, సవరణ అమల్లో ఉంది. గగౌజియా నాయకురాలు యెవ్గేనియా గుత్సుల్‌కు రష్యా డబ్బు తరలించిన కేసులో 2025 ఆగస్టు 5న ఏడేళ్ల శిక్ష పడింది. 2025 సెప్టెంబరు 28 పార్లమెంటు ఎన్నికల్లో సాండు పార్టీ సగానికి పైగా ఓట్లతో 101లో 55 స్థానాలు గెలిచింది, కానీ పోలింగ్‌కు రెండు రోజుల ముందు రెండు పార్టీలను పోటీ నుంచి తప్పించారు. నిధుల ఆధారాలతోనే తప్పించారన్నది ప్రభుత్వ మాట. ఆ పార్టీలకు ఓటేద్దామనుకున్నవాడికి అది ఎలా వినిపించిందో ఊహించుకోండి. షోర్ ఊరుకోలేదు. ప్రోమ్‌స్వ్యాజ్‌బ్యాంక్‌తో కలిసి ఏ7 అనే చెల్లింపుల సంస్థ పెట్టాడు, రూబుల్‌కు ముడిపెట్టిన క్రిప్టో నాణెం 2025లో వచ్చింది. ఇస్తాంబుల్ మీదుగా నోట్లు మోసేవాళ్ల అవసరం ఇప్పుడు తగ్గింది.