నిప్పు కొండ మీద మంచు

ప్రశ్న: జూన్‌లో ఐస్‌లాండ్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అగ్నిపర్వతం మీది హిమానీనదాన్ని ఒక్కరోజులో చూసి రావచ్చా?
– ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: నిక్షేపంగా రావచ్చమ్మా. రాజధాని రేక్యావిక్ నుంచి కారులో సుమారు 2 గంటలు వెళ్తే సోల్‌హైమాయోకుల్ హిమానీనదం. 1918లో భారీగా పేలిన కాట్లా అగ్నిపర్వతాన్ని కప్పిన మంచులోంచి దిగే పాయ అది. తెల్లగా ఉంటుందనుకోకండి, బూడిద పట్టినచోట కడప నాపరాయిలా నల్లగా ఉంటుంది. పల్చటి బూడిద ఎండను పీల్చి మంచును కరిగిస్తుంది. మందంగా పేరుకుంటే కాపాడుతుంది. అందుకే అక్కడక్కడా నల్లటి పుట్టలు లేస్తాయి. గీరి చూస్తే లోపలంతా మంచే!

గైడ్ లేకుండా మంచెక్కొద్దు. చీలమండ కప్పే గట్టి బూట్లు కావాలి. మంచు మీద జారకుండా బూట్లకు కట్టే ఇనుప ముళ్ల పట్టీలు మెత్తటి షూస్‌కి నిలవక ఊడిపోతాయి. పాదమంతా ఒకేసారి మోపాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. ఏటి దగ్గర గంధకం వాసన మామూలే. అది ఘాటెక్కి నీళ్లు పెరిగితే మాత్రం వరద రావచ్చు, వెంటనే ఎత్తుకు వెళ్లండి.