డెన్వర్‌లో పప్పుచారు ఎందుకు కుదరడం లేదంటే

ఆగస్టులో దిగిన పిల్లలు ముగ్గురు మా ఇంటికి భోజనానికి వచ్చి ఒకటే గోడు. "అంకుల్, అమ్మ వీడియో కాల్‌లో చెప్పినట్టే చేస్తున్నాం. పప్పు అడుక్కీ, నీళ్ళు పైకీ. రుచీ లేదు, పచీ లేదు."

తప్పు మీది కాదు, ఊరిది. అమెరికాలోని డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీల దాకా ఆగవు, 95 దగ్గరే మరిగిపోతాయి. మూతలేని గిన్నెలో మంట ఎంత పెంచినా నీళ్ళు ఇగురుతాయి తప్ప వేడి అంతకు మించదు. కందిపప్పు పలుకు మీదే ఉండిపోతుంది. వచ్చిన కొత్తలో నేనూ గిన్నెతో కుస్తీపట్టి, చివరికి దాన్ని మిక్సీలో వేసి తిప్పాను. ఆ పూట తిన్నది పప్పుచారు కాదు, పిండిజావ.

కాబట్టి ముందు కుక్కర్ కొనండి. విజిల్ కుక్కరైనా సరే, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కరైనా సరే. అర కప్పు కందిపప్పు వేణ్ణీళ్ళతో కడిగి (నూనె పట్టించిన పప్పయితే రెండుసార్లు) అరగంట నానబెట్టండి. రెండు కప్పుల నీళ్ళు, పసుపు, చుక్క నూనె. ఇండియాలో ఉన్నవాళ్ళు చెప్పే టైముకి ఇక్కడ రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. ఆవిరి దానంతట అది పోయేదాకా మూత జోలికి వెళ్ళొద్దు. అన్నట్టు, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు 240. కొలతలన్నీ ఒకే కప్పుతో తీసుకోండి.

కుక్కర్ కొనేలోపు అమెరికన్ షాపుల్లో రెడ్ లెంటిల్స్ దొరుకుతాయి. అవి మన మైసూరు పప్పే. మామూలు గిన్నెలో కూడా ఉడుకుతాయి. కందిపప్పు కమ్మదనం రాదు గానీ ఆకలి ఆగదుగా!

ఇంకో పొరపాటు అందరూ చేసేదే: పని తగ్గుతుందని చింతపండు, టమాటా, పప్పు అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేయడం. పులుపు తగిలితే పప్పు మెత్తబడడానికి మొరాయిస్తుంది. పప్పు మెదిపాకే పులుపు. సీసాలో వచ్చే నల్లటి చింతపండు గుజ్జు చాలా ఘాటు, చెంచాకి మించొద్దు. పోసి పచ్చివాసన పోయేదాకా మరిగించాలి.

ముక్కల సంగతి. ఇండియన్ స్టోరులో సొరకాయ ధర చూసి గుండె జారితే జుకినీ వాడండి, కానీ చివరి ఐదు నిమిషాల్లోనే. ముందు వేస్తే కరిగిపోతుంది. డైకాన్ అంటే తెల్ల ముల్లంగి. బటర్‌నట్ స్క్వాష్ తీపిగుమ్మడికి దగ్గర చుట్టం. అది వేసినప్పుడు బెల్లం మానేయండి. ఫ్రీజర్లో దొరికే మునక్కాడలు పీచుపీచుగానే ఉంటాయి, అయినా వేస్తాను, చారుకి ఆ వాసన పడితే చాలు. వలిచిన చిన్న ఉల్లిపాయలు కూడా అక్కడే పెర్ల్ ఆనియన్స్ పేరుతో ఉంటాయి. ముక్కల్ని కొద్ది నీళ్ళలో ఉప్పు వేసి విడిగా ఉడికించాకే పులుసు పోయండి.

పోపు దగ్గర భయం పొగ తగిలితే మోగే అలారం. మా మొదటి అపార్ట్‌మెంట్‌లో ఎండుమిర్చి మాడిన రోజు ఆ అలారం మోతకి కింది ఫ్లాటు ముసలాయన చెప్పుల్లేకుండా బయటికొచ్చాడు. మంట సన్నగా పెట్టండి, కిటికీ తెరవండి. ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, స్టవ్ కట్టేశాక ఇంగువ, కరివేపాకు. వెంటనే చారులో వేసి మూత పెట్టేయండి. రూమ్మేటుకి గోధుమ పడకపోతే ఇంగువ డబ్బా మీద చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది.

మర్నాటికి ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది. చన్నీళ్ళు పోయకండి. కాసిని వేణ్ణీళ్ళు పోసి ఒక పొంగు రానిచ్చి, ఉప్పు మళ్ళీ చూసుకోండి.