ట్రిపుల్ ఆర్ దగ్గర ప్లాటు: మీ దగ్గర కొనేదెవరో ముందు చూడండి

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లాలో ఓ పల్లె. మావారు ప్రైవేటు కంపెనీ ఉద్యోగి, నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఇద్దరికీ కలిపి నెలకు రూ.65,000 వస్తుంది. ఖర్చులు, చిట్టీ పోగా రూ.20,000 మిగులుతుంది. బ్యాంకులో రూ.11 లక్షల ఎఫ్‌డీ ఉంది. బాబు ఎనిమిదో తరగతి, పాప ఐదో తరగతి. పక్క ఊళ్లో వేసిన వెంచర్‌లో 200 గజాల ప్లాటు గజం రూ.9,500కి ఇస్తామంటున్నారు. హైదరాబాద్ చుట్టూ తలపెట్టిన రీజనల్ రింగ్ రోడ్డు (ట్రిపుల్ ఆర్) నాలుగు కిలోమీటర్లేనట, మూడేళ్లలో రెట్టింపు అవుతుందట. పది లక్షలు మేం కడితే మిగతా తొమ్మిది లక్షలు ఓ ఫైనాన్స్ కంపెనీ నుంచి 14 శాతం వడ్డీకి, ఏడేళ్లకు ఇప్పిస్తామంటున్నారు. ఇంకో ఆఫర్ కూడా చెప్పారు: డబ్బంతా ఒకేసారి కడితే నెలకు నూటికి రూపాయిన్నర చొప్పున ఇచ్చి, రెండేళ్ల తర్వాత ప్లాటు వాళ్లే తిరిగి కొంటారట. 'పంచాయతీ అప్రూవ్డ్, డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ) అనుమతి ప్రాసెస్‌లో ఉంది' అంటున్నారు. టోకెన్ అడ్వాన్స్ ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. ఈ షరతుల మీద ఈ ప్లాటు మీకు తగదు. భూమి మీద పెట్టుబడే తప్పని నేను అనడం లేదు. మీ ఇంటి లెక్కకు, వాళ్లు చెబుతున్న కాగితాలకు ఈ బేరం సరిపోవడం లేదు.

ముందు డబ్బు సంగతి. ప్లాటు ధర రూ.19 లక్షలు. తెలంగాణలో సేల్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అసలు ధరకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే రూ.1,42,500 అవుతుంది. ఏజెంటు లెక్కలో ఇది లేదు. మీ ఎఫ్‌డీలో పది లక్షలు తీస్తే మిగిలేది లక్ష. అంటే రిజిస్ట్రేషన్ నాటికే అప్పు చేయాలి, ఇంట్లో ఆసుపత్రి అవసరం వస్తే చేతిలో రూపాయి ఉండదు.

తొమ్మిది లక్షల అప్పుకు 14 శాతం మీద ఏడేళ్లకు నెల వాయిదా దాదాపు రూ.16,870. మీ మిగులు రూ.20,000లో రూ.3,000 మాత్రమే ఉంటుంది. ఏడేళ్లలో వడ్డీకే రూ.5 లక్షలు దాటుతుంది. ఖాళీ స్థలం కోసం తీసుకున్న అప్పు మీద, ఇల్లు కట్టనంత వరకు, ఇంటి రుణానికి వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు కూడా రాదు. ఈ ఏడేళ్ల మధ్యలోనే బాబు ఇంటర్ దాటి ఇంజినీరింగో డిగ్రీయో చేరతాడు. ఫీజు కట్టాల్సిన నెలలో ప్లాటులో ఇరవై గజాలు కోసి అమ్ముకోలేం కదా.

ఇక రెట్టింపు మాట. అయిదేళ్లు ఉంచుకుని అమ్మారనుకోండి. మీరు పెట్టిన డబ్బు ఎఫ్‌డీలో ఏటా 7 శాతం తెచ్చేదని, ఫైనాన్స్ కంపెనీకి కట్టిన వాయిదాలు, అయిదేళ్ల తర్వాత మిగిలే దాదాపు రూ.3.5 లక్షల బాకీ, అమ్మేటప్పుడు మధ్యవర్తికి 2 శాతం కలుపుకొని లెక్కేస్తే, గజం రూ.15,000 దాటితేగానీ మీకు నష్టం లేదు. ఇందులో లాభం మీద పన్ను కలపలేదు. రెండేళ్లు దాటాక అమ్మితే వచ్చే లాభం మీద ప్రస్తుతం 12.5 శాతం పన్ను ఉంది. పల్లెల్లో సాగు భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదని ఎవరైనా చెబితే, అది సాగు భూమికే. నాలా కన్వర్షన్ అయిన, అంటే వ్యవసాయేతర భూమిగా మార్చిన ప్లాటుకు ఆ వెసులుబాటు రాదు.

గజం రూ.15,000 పెట్టి అప్పుడు మీ దగ్గర కొనేదెవరు? వెంచర్ చూడటానికి వెళ్లిన వాళ్లలో చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. చిన్న ఊళ్లో ఇళ్ల స్థలానికి నిలకడైన ధర వచ్చేది అక్కడ కాపురం ఉండాలనుకునే వాళ్ల వల్లే. పని దొరికే చోటు, రోజూ తిరిగే బస్సు, హైస్కూలు, ఆసుపత్రి, నల్లా నీళ్లు ఉంటే వాళ్లు వస్తారు. అవి లేకపోతే ఆ వెంచర్‌లో కొన్నవాళ్లంతా రేపు అమ్మేవాళ్లే అవుతారు. కాబట్టి ఓ పని చేయండి. అదే మండలంలో ఏడెనిమిదేళ్ల కిందట వేసిన వెంచర్‌కు వెళ్లండి. ఎన్ని ప్లాట్లున్నాయి, ఎన్ని ఇళ్లు లేచాయి, వాటిలో ఎన్నింటికి కరెంటు మీటరు తిరుగుతోంది చూడండి. వంద ప్లాట్లలో నాలుగైదు ఇళ్లే ఉండి మిగతాది తుమ్మచెట్లతో నిండి ఉంటే మీ ప్లాటుకూ అదే గతి. అక్కడ ప్లాటున్న వాళ్లెవరైనా అమ్మకానికి పెట్టారేమో, ఎన్ని నెలలుగా పెట్టారో అడగండి. బ్రోచర్‌లోని ధర కంటే ఆ జవాబే నిజమైన ధర.

ట్రిపుల్ ఆర్ గురించి ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా వచ్చే ఉత్తర భాగాన్ని యాక్సెస్ కంట్రోల్డ్ ఎక్స్‌ప్రెస్‌వేగా తలపెట్టారు. అంటే ఎక్కడపడితే అక్కడ రోడ్డెక్కడం కుదరదు, ఇంటర్‌ఛేంజ్ ఉన్న చోటే ఎక్కాలి, దిగాలి. రోడ్డు నాలుగు కిలోమీటర్లే అయినా ఇంటర్‌ఛేంజ్ పదిహేను కిలోమీటర్లయితే ఆ రోడ్డు మీ ప్లాటు పక్క నుంచి వెళుతుందే తప్ప మీ ప్లాటుకు రాదు. కాబట్టి రోడ్డు ఎంత దూరమని కాదు, ఇంటర్‌ఛేంజ్ ఏ ఊరి దగ్గరో, అక్కడి నుంచి వెంచర్‌కు దారి ఎంత వెడల్పో అడగండి.

రోడ్డుకు మరీ దగ్గరైనా చిక్కే. జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ నోటిఫికేషన్‌లో భూమి తీసుకునే ఉద్దేశం చెబుతారు. అభ్యంతరాలకు 21 రోజులు గడువుంటుంది. 3డి నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి కేంద్ర ప్రభుత్వానిదే. గెజిట్‌లో సర్వే నంబర్లు ఉంటాయి, మీ వెంచర్ సర్వే నంబర్ వాటిలో ఉందేమో చూసుకోండి. పరిహారం లెక్కగట్టేది ప్రభుత్వ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్లలో రిజిస్టర్ అయిన ధరల ఆధారంగా. మీరు గజం రూ.9,500కి కొని, పన్ను మిగులుతుందని రూ.1,500కే రిజిస్టర్ చేయించుకుంటే భూసేకరణలో ఆ తక్కువ ధరే మీకు ఎదురొస్తుంది. రేపు అమ్మినప్పుడు కాగితం మీద లాభం పెద్దదిగా కనిపించి పన్నూ ఎక్కువ పడుతుంది. తేడా డబ్బును నగదుగా ఇవ్వమంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి బేరంలో రూ.20,000, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. పైగా గొడవ వస్తే ఆ డబ్బు ఇచ్చినట్టు మీ దగ్గర రుజువుండదు.

'పంచాయతీ అప్రూవ్డ్' అనే మాటకు ఇక్కడ విలువ లేదు. లేఅవుట్‌కు ఆ ప్రాంతాన్ని బట్టి డీటీసీపీ గానీ హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) గానీ సాంకేతిక అనుమతి ఇవ్వాలి. సర్పంచి, కార్యదర్శి సంతకాలతో గీసిన ప్లాను చాలదు. 'ప్రాసెస్‌లో ఉంది' అంటే ఇంకా రాలేదనే అర్థం. వచ్చినా రెండు దశలుంటాయి. మొదట టెంటేటివ్ (తాత్కాలిక) అనుమతి ఇచ్చి, రోడ్లు, డ్రైన్లు, కరెంటు స్తంభాలు, నీటి ట్యాంకు పూర్తి చేస్తారన్న హామీగా సుమారు 15 శాతం ప్లాట్ల భాగాన్ని తనఖా పెట్టించుకుంటారు. పనులు పూర్తయ్యాకే ఫైనల్ లేఅవుట్ ఇచ్చి తనఖా విడిపిస్తారు. తనఖాలో ఉన్న ప్లాటును మీకు అంటగడితే అది విడుదలయ్యే దాకా మీరు చిక్కుకుపోయినట్టే. మీకు చూపిన ప్లాటు నంబర్ ఆ జాబితాలో ఉందో లేదో అడిగి కాగితం మీద చూడండి.

అయిదు వందల చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటిన భూమిని ప్లాట్లు చేసి అమ్మాలంటే 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా తప్పే. రెరా నంబర్ అడగండి. ఇచ్చిన నంబర్‌ను తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో వేసి, అందులో సర్వే నంబర్లు, ప్లాట్ల సంఖ్య సరిపోతున్నాయో చూడండి. పక్క వెంచర్ నంబర్‌ను బ్రోచర్ మీద వేసేవాళ్లూ ఉంటారు. రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ దగ్గర పది లక్షలు ముందే అడుగుతున్నారంటే సగానికి పైనే. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిన బయానా కాగితంతో అంత డబ్బు ఇవ్వడం చాలా ప్రమాదం.

నెలకు రూపాయిన్నర ఆఫర్ గురించి ఒక్క మాట. రూ.19 లక్షల మీద నెలకు రూ.28,500 ఇవ్వాలి. పంట పండని, అద్దె రాని ఖాళీ స్థలం నుంచి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీ తర్వాత కట్టిన వాళ్ల డబ్బులోంచే. కొత్తవాళ్లు రావడం ఆగిన నెల నుంచి మీకు రావడమూ ఆగుతుంది. అనుమతి లేకుండా ఇలా డిపాజిట్లు సేకరించడాన్ని 2019లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. ఈ ఆఫర్ చెప్పిన సంస్థ దగ్గర ప్లాటు కూడా కొనవద్దన్నది నా గట్టి సలహా.

ముందుముందు ఇక్కడైనా మరోచోటైనా కొనాలనుకుంటే కాగితాలను ఇలా చూడండి. భూమి మొదట ఎవరి పట్టాదో తెలుసుకుని, 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకపు దస్తావేజులు), పాత పహాణీలు (రెవెన్యూ రికార్డులు) తెప్పించండి. పహాణీలో ఎక్కడైనా అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), శిఖం (చెరువు భూమి), వక్ఫ్, దేవాదాయ అని కనిపిస్తే అక్కడితో ఆపేయండి. అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు, ఎన్నేళ్ల తర్వాతైనా ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబర్‌తో పాటు బై నంబర్ కూడా వెతకండి. 112 బాగానే ఉండి 112/ఆ జాబితాలో ఉండొచ్చు. ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో ఆ సర్వే నంబర్ ఇంకా వ్యవసాయ భూమిగా, పాత పట్టాదారు పేరునే ఉందంటే నాలా కన్వర్షన్ సరిగా జరగలేదని అర్థం. ఆ రైతు కుటుంబమే పదేళ్ల తర్వాత పాసుబుక్కు పట్టుకుని వచ్చిన తగాదాలు ఎన్నో ఉన్నాయి. అది వంశపారంపర్య ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా అన్నది మరీ ముఖ్యం. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు చేసిన డాక్యుమెంటును అక్కచెల్లెళ్లు కోర్టులో సవాలు చేయొచ్చు.

కాగితాలు బాగున్నాయనిపించాక టేపు తీసుకుని ప్లాటు మీదకు వెళ్లండి. 200 గజాల ప్లాటు మామూలుగా 30 అడుగులు, 60 అడుగులు. భుజాలు నాలుగూ కొలిచి ఊరుకోవద్దు. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. హద్దురాళ్లు సరైన చోట ఉంటే రెండూ 67 అడుగుల ఒక అంగుళం రావాలి. ఒకటి 65, ఇంకోటి 69 వచ్చిందంటే ప్లాటు వంకరగా ఉంది, విస్తీర్ణం 200 గజాలకు తగ్గుతుంది, పక్క ప్లాటుతో గొడవ ఖాయం. చుట్టూ కూడా చూడండి. వానాకాలంలో ఒకసారి తప్పకుండా వెళ్లాలి. కుంట, వాగు దగ్గరుంటే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు ఎక్కడో అడగండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్. అందులో ఇంటికి అనుమతి రాదు. పార్కు కోసం వదిలిన స్థలం గ్రామ పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ అయ్యిందో లేదో కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. కాకపోతే కొన్నేళ్లకు అదే పార్కు మరో పది ప్లాట్లవుతుంది.

బ్యాంకు రుణం గురించి కూడా ఒక సూచన. ఏజెంటు ఫైనాన్స్ కంపెనీ వైపు ఎందుకు తిప్పుతున్నాడో గమనించండి. ప్రభుత్వ రంగ బ్యాంకులు అనుమతి లేని లేఅవుట్‌కు ప్లాటు రుణం ఇవ్వవు, వాళ్ల ప్యానెల్ లాయరు లీగల్ రిపోర్టు ఇవ్వాలి. మీకు అప్పు అక్కర్లేకపోయినా బ్యాంకుకు వెళ్లి ఈ వెంచర్‌కు రుణం ఇస్తారా అని అడగండి. కాదంటే కారణం కనుక్కోండి.

మీ డబ్బు విషయంలో ఇలా చేస్తే బాగుంటుంది. రూ.11 లక్షల్లో రూ.2.5 లక్షలు ఆరు నెలల ఇంటి ఖర్చుగా విడిగా ఉంచండి, దాన్ని ముట్టుకోవద్దు. రూ.4 లక్షలు బాబు ఇంటర్ పూర్తయ్యే ఏడాదికి గడువు తీరేలా ఎఫ్‌డీలోనే కొనసాగించండి. మీవారికి టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే వెంటనే తీసుకోండి, ఇంటి ఆదాయంలో ఎక్కువ భాగం ఆయనదే కనుక. నెల నెలా మిగిలే రూ.20,000లో రూ.8,000 పాప చదువుకు పదేళ్ల లెక్కతో ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) వేయొచ్చు. మిగతా రూ.12,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మూడేళ్లలో వడ్డీ కాకుండానే రూ.4.32 లక్షలవుతుంది. దానికి రూ.11 లక్షల్లో మిగిలిన రూ.4.5 లక్షలు కలిస్తే దాదాపు రూ.9 లక్షలు మీ చేతిలో ఉంటాయి. అప్పటికి ట్రిపుల్ ఆర్ ఇంటర్‌ఛేంజ్‌లు ఎక్కడ వస్తున్నాయో పనులే చెబుతాయి. అప్పుడు ఫైనల్ లేఅవుట్ వచ్చి, అప్పటికే కొన్ని కుటుంబాలు కాపురం ఉంటున్న చోట, అప్పు లేకుండా చిన్న ప్లాటు చూసుకోండి. గజానికి రెండు వేలు ఎక్కువైనా ఫర్వాలేదు.

టోకెన్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఏ ఖాతాకు పంపారో ఆ వివరాలు, రశీదు, వాట్సాప్ సందేశాలు, బ్రోచర్ భద్రపరచుకోండి. వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. రెరా నంబర్ లేకుండా బుకింగ్ తీసుకుని ఉంటే ఆ మాట ఆ ఉత్తరంలో రాయండి. అయినా ఇవ్వకపోతే రెరాలో ఫిర్యాదు చేయండి.