మంట కింద, సెగ పైన

ప్రశ్న: సార్, మాది కొండపి దగ్గర పల్లె, పొగాకు వేస్తాం. ఆకుని వేడితో ఆరబెట్టే గది, అదే బ్యారన్‌లో, వేడి గొట్టాలు నేల దగ్గరే కదా ఉండేది, మరి పైన ఎందుకు అంత సెగ? మొన్న ఆకు పసుపు తిరిగాక మా నాయన పై కిటికీలూ కింద కిటికీలూ రెండూ తియ్యమన్నాడు, నేనేమో కింద తీస్తే చల్లగాలి దూరుద్ది కట్టెలు దండగ అని పైన మాత్రమే తీశా. పై కర్రల మీద ఆకు నల్లబడింది. నాయన ఇంకా మాట్లాడట్లా. తప్పు నాదేనా?

జవాబు: నీదే తమ్ముడూ, ఏం చేద్దాం.

వేడి పైకి పోద్ది అంటాం గానీ నిజానికి పైకి పొయ్యేది వేడెక్కిన గాలి, అది కూడా దానంతట అది కాదు, పక్కనున్న చల్లగాలి బరువుకి కిందకి దిగి దాన్ని పైకి నెడతది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.16 కేజీలు తూగుద్ది, అదే 70 డిగ్రీలకి 1.03 కేజీలే. తేడా ఇంతేనా అనుకుంటావు, 16 అడుగుల పొడవు వెడల్పు ఎత్తు ఉన్న బ్యారన్ లెక్క కడితే లోపల గాలంతా కలిపి బయట గాలి కన్నా 15 కేజీలు తేలిక, ఆ తేడానే ఫ్యాన్ లేకుండా గాలిని తోసేది.

కిటికీలన్నీ మూస్తే గాలి లోపలే తిరుగుద్ది, గొట్టాల మీద లేచి, ఆకు మధ్యలోంచి పైకెక్కి, చల్లగా ఉన్న గోడల వెంట దిగి మళ్ళీ గొట్టాల దగ్గరికి. పసుపు తిరిగేటప్పుడు తేమ కావాలి గాబట్టి అది మంచిదే. తర్వాత ఆకులో నీరు బయటికి పోవాలి. నువ్వు పైన తీసి కింద మూసేశావు, లోపలికి గాలి రాకపోతే బయటికి ఏం పోద్ది? తడిగాలి పైనే నిలిచిపోయింది, నువ్వేమో పొయ్యి పెంచావు, పచ్చి ఆరకముందే వేడి తగిలి పై ఆకు ఉడికిపోయింది. ఈసారి కింద కిటికీ దగ్గర అగరొత్తి పట్టుకుని చూడు, పొగ లోపలికి లాక్కుంటే దారి ఉన్నట్టే, అక్కడే ఊగులాడుతుంటే లేనట్టు. నాయనకి సారీ చెప్పు, ముందు అది.

ప్రశ్న: రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కూడా ఫ్యాన్ వేస్తే వేడిగాలే కొడుతుంది, ఎందుకండీ? (నెల్లూరు నుంచి ఒక అమ్మ)

జవాబు: అమ్మా, పగలంతా కాగిన స్లాబు కింద వేడిగాలి ఒక పొరలా అతుక్కుని ఉంటది. తేలిక గాబట్టి కిందకి దిగదు, పోదామంటే పైన స్లాబు. ఫ్యాన్ ఆ పొరనే లాగి మీ మొహాన కొడతది. పాతిళ్ళల్లో స్లాబు కిందే వెంటిలేటర్లు పెట్టేవాళ్ళు, ఇప్పుడు మేస్త్రీని అడిగితే డిజైన్ పాడవుద్దంటాడు. మీకు ఉండి అట్టపెట్టెలు అడ్డం పెట్టుంటే తీసెయ్యండి, కింద కిటికీ కూడా తెరవండి, దోమలొస్తాయంటే మెష్ కొట్టించుకోండి.