మీ ప్రశ్నలు – మా జవాబులు: అధ్యక్షుడి సంతకం

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటున్నాడు. అక్కడ అధ్యక్షుడు తెల్లారేసరికల్లా ఏదో ఉత్తర్వు మీద సంతకం పెట్టేస్తున్నాడు. కాంగ్రెస్ ఉంది కదా, ఓటేసి దాన్ని కొట్టెయ్యలేదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కొట్టెయ్యొచ్చు. చిక్కంతా ఓట్ల లెక్కలో ఉంది. రద్దు చేస్తూ రెండు సభలూ తీర్మానం చేసినా, అది మళ్లీ సంతకానికి అధ్యక్షుడి దగ్గరికే వెళ్తుంది. తన ఉత్తర్వును తనే ఎందుకు చెరుపుకుంటాడు? వీటో చేస్తాడు. దాన్ని దాటాలంటే రెండు సభల్లోనూ ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది కావాలి. 2019లో ట్రంప్ సరిహద్దు గోడ కోసం నేషనల్ ఎమర్జెన్సీ ప్రకటిస్తే రెండు సభలూ వద్దన్నాయి, ఆయన వీటో చేశాడు. ప్రతినిధుల సభ మళ్లీ ఓటింగ్ పెడితే 248–181. కావలసింది 286. అక్కడితో ఆగిపోయింది. (ఇది మన 1975 ఎమర్జెన్సీ లాంటిది కాదు. కొన్ని చట్టాల్లో దాచి ఉంచిన ప్రత్యేకాధికారాలకు తాళం తియ్యడం, అంతే.)

నిజానికి ఇలా ఎమర్జెన్సీ ప్రకటించే పద్ధతికి 1976లో చట్టం చేసినప్పుడు ఇంత తిప్పలు లేవు. రెండు సభలూ తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడి సంతకంతో పని లేదు. అది మారడానికి కారణం మనలాంటి ఇంటి కుర్రాడి వీసా కేసే. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి జగదీశ్ రాయ్ చద్దా వీసా గడువు 1972లో అయిపోయింది. ఇమిగ్రేషన్ జడ్జి ఉండనిస్తే, 1975లో ప్రతినిధుల సభ ఒక్కటే ఓటేసి పొమ్మంది. అధ్యక్షుడికి పంపకుండా సభలు ఇలా వేసే ఓటు చెల్లదని 1983లో సుప్రీంకోర్టు 7–2తో తేల్చింది. చద్దా గెలిచాడు. ఆ దెబ్బకు ఎమర్జెన్సీ చట్టాన్ని కూడా 1985లో మార్చి, సంతకం తప్పనిసరి చేశారు. మా దృష్టిలో అధ్యక్షుడికి అసలు బలం వచ్చింది అక్కడే.

అందుకే ఇప్పుడు పనిచేసే అడ్డుకట్ట ఎక్కువగా కోర్టే. 1952 ఏప్రిల్ 8న అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకోమన్నాడు. సరిగ్గా 55 రోజులకు, జూన్ 2న, సుప్రీంకోర్టు 6–3తో కొట్టేసింది. ఆయనకు ఆ అధికారమిచ్చే చట్టమే లేదంది.

కాబట్టి వాట్సాప్‌లో ఏదైనా ఉత్తర్వు చూసి కంగారు పడేముందు దాని మొదటి పేరా చదవమనండి. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో సాధారణంగా అక్కడే రాస్తారు. ఉత్తర్వు ఆ సెక్షన్ దాటి పోయిందంటే లాయర్లు పట్టుకునేది దాన్నే. అమల్లోకి వచ్చే తేదీ, ఎవరికి వర్తించదన్నదీ లోపల ఉంటాయి. ఫార్వర్డ్‌లలో ఎగిరిపోయేవి సరిగ్గా ఆ రెండే.

ప్రశ్న: మన రాష్ట్రపతికి ఇలాంటి వీటో లేదా?
– ఒక పాఠకుడు, బొల్లారం (రాష్ట్రపతి నిలయం పక్కవీధి)

జవాబు: ఉంది, ఒక్కసారికే. 111వ అధికరణం కింద బిల్లును తిప్పి పంపొచ్చు. పార్లమెంటు మళ్లీ మామూలు మెజారిటీతో ఆమోదిస్తే సంతకం చెయ్యాల్సిందే. 2006లో లాభదాయక పదవుల బిల్లు విషయంలో కలాంగారికి అదే జరిగింది. అయితే సంతకానికి గడువేమీ రాయలేదు. 1986 పోస్టల్ బిల్లును జైల్‌సింగ్ సంతకం చెయ్యకుండా, తిప్పి పంపకుండా అలాగే ఉంచేశారు. ద్రవ్య బిల్లును మాత్రం ఆ ఒక్కసారి కూడా తిప్పి పంపడానికి లేదు.