ఇంటి వర్క్‌షాపులో ఆవిరి ఇంజను: మీ ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో ఇంట్లో చేసుకునే చిన్న ఆవిరి రైలింజను నమూనాకు ఇచ్చిన బాయిలర్ కొలతలు మరోసారి: రాగి గొట్టం బయటి వ్యాసం 50 మి.మీ., గోడ మందం 1.6 మి.మీ., పొడవు 150 మి.మీ., మధ్యలో 20 మి.మీ. పొగగొట్టం, నడిపే ప్రెషర్ 3 కిలోలు (చదరపు సెంటీమీటరుకు). పట్టాల వెడల్పు 45 మి.మీ. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అతుకుల గురించే, అందుకే ఆ జవాబు పెద్దదైంది.

ప్రశ్న: మా వీధిలో నగల పని చేసే ఆచారి దగ్గర వెలిగారం తెచ్చి, 55 శాతం వెండి కడ్డీతో బాయిలర్ మూతలు అతికించబోయాను. కడ్డీ కరిగి ముత్యాల్లా దొర్లిపోతోంది గానీ సందులోకి దిగడం లేదు. ఏసీ మెకానిక్కులు వాడే రాడ్డుతో పూడ్చేయవచ్చా సార్?
(ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: పూడ్చకండి. ముందు కడ్డీ ఎందుకు దొర్లుతోందో చూద్దాం. కాడ్మియం లేని 55 శాతం వెండి కడ్డీ 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతుంది. వెలిగారం నీళ్ళలా పారాలంటే 740 డిగ్రీలు దాటాలి. అంటే రాగి మీది నల్లపొరను వెలిగారం కడిగేలోపే కడ్డీ కరిగిపోతోంది. మురికి రాగికి వెండి అంటదు. నగల పనిలో వాడే టంకం ఇంకా ఎక్కువ వేడికి కరిగే రకం కాబట్టి అక్కడ వెలిగారం చక్కగా పనిచేస్తుంది. మీకు కావలసింది వెలిగారం పనినే 550 డిగ్రీలకే మొదలుపెట్టే ఫ్లోరైడ్ ఫ్లక్స్ పొడి. నీళ్ళతో పెరుగులా కలిపి, జోడించే ముందే రెండు ముఖాలకూ పూయండి. దాని పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి. కడ్డీ కొనేటప్పుడు కాడ్మియం లేదని అడిగి మరీ తీసుకోండి. కాడ్మియం పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

రెండో కారణం వేడి చాలకపోవడం. రాగి వేడిని ఒకచోట నిలవనివ్వదు. మీరు అతుకు దగ్గర మంట పెడితే అది రెండో చివరకు పరుగెడుతుంది. నగల పనికి సరిపోయే చిన్న మంట ఈ గొట్టానికి చాలదు. పెద్ద నోరున్న గ్యాస్ టార్చ్ కావాలి. బాయిలర్ చుట్టూ మూడు వైపులా ఫైర్ బ్రిక్స్ పేర్చి, మొత్తం వస్తువును నెమ్మదిగా మసక ఎరుపుకు తీసుకురండి. ఫ్లక్స్ మొదట తెల్లగా పొంగుతుంది, తర్వాత గాజులా తేటపడుతుంది. అప్పుడు మంటను కాస్త పక్కకు తిప్పి కడ్డీని అతుకుకు తాకించండి. కడ్డీని కరిగించవలసింది మంట కాదు, రాగి. మంటతో కరిగించి పోసిన వెండి పైపైన కూర్చుంటుంది, లోపల సందు ఖాళీగానే ఉంటుంది. సందు కూడా 0.05 నుంచి 0.15 మి.మీ. లోపు ఉండాలి. అంతకంటే బిగువైతే వెండి దూరదు, వదులైతే నిలవదు.

ఇంకో మాట. చాలామంది ఇంట్లో మిగిలిన కడప బండను కింద పరిచి దానిమీద టార్చ్ పెడుతున్నారు. అది సున్నపురాయి. ఎర్రటి మంట తగిలితే పగిలి పెచ్చులు కంటికి ఎగిరి వస్తాయి. పని బల్లకు అంతకన్నా మంచి పలక లేదు, కానీ మంట కింద ఫైర్ బ్రిక్కే ఉండాలి.

ఇక ఏసీ రాడ్డు. అందులో ఉన్నది రాగి, ఫాస్ఫరస్. రాగి పైపులకు ఫ్లక్స్ లేకుండానే అంటుతుంది, అందుకే వాళ్లకు ఇష్టం. కానీ అతుకు పెళుసుగా ఉంటుంది, పైగా బొగ్గు పొగలోని గంధకం దాన్ని తినేస్తుంది. మీది గ్యాస్ బాయిలరే అయినా, రేపు బొగ్గుతో నడిపేది చేస్తారు కదా. ఇప్పుడే అలవాటు చేసుకోవద్దు.

ఇప్పుడు చేయవలసింది: దొర్లిన ముత్యాలను ఆకురాయితో తీసేయండి. లీటరు గోరువెచ్చని నీళ్ళలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి బాయిలర్‌ను గంటసేపు నానబెట్టండి. రాగి గులాబీ రంగుకు రావాలి. బాగా కడిగి, కొత్త ఫ్లక్స్‌తో మళ్ళీ మొదలుపెట్టండి. వేడి చేసేటప్పుడు కనీసం ఒక బుష్ (వాల్వులు, గేజ్ బిగించడానికి అతికించే మరల కంకణం) రంధ్రం తెరిచే ఉంచండి. అన్నీ మూసిన పాత్రను కాలిస్తే లోపలి గాలి, తడి కలిసి దాన్ని పేల్చేస్తాయి. బుష్‌లు ఇత్తడివి పెట్టారేమో కూడా చూసుకోండి. వేడి నీళ్ళలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, కొన్నేళ్లకు మరలు స్పాంజిలా మెత్తబడి ఊడివస్తాయి. గన్‌మెటల్ లేదా ఫాస్ఫర్ బ్రాంజ్ వాడండి.

ప్రశ్న: బాయిలర్ తయారైంది. సైకిల్ పంపుతో గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తే పరీక్ష అయినట్టేనా?
(ఒక పాఠకురాలు, గుత్తి)

జవాబు: పంక్చర్ చూసే పద్ధతి బాయిలర్‌కు ప్రమాదం. నొక్కిన గాలి స్ప్రింగ్ లాంటిది, అతుకు విడిపోతే ముక్కను విసిరేస్తుంది. నీరు దాదాపు నలగదు కాబట్టి, అతుకు విడిపోయినా చుక్క కారి ప్రెషర్ పడిపోతుంది, అంతే. మీ బాయిలర్ మూత లోపలి వైశాల్యం దాదాపు 17 చదరపు సెంటీమీటర్లు. పొగగొట్టం వాటా తీసేసినా, నడిపే ప్రెషర్‌కు రెట్టింపైన 6 కిలోల పరీక్షలో దాని మీద 80 కిలోల పైమాటే. ఒక మనిషి నిలబడినంత బరువు.

గుండ్రటి గొట్టం గురించి దిగులు వద్దు. 3 కిలోల దగ్గర దాని గోడలో పడే లాగుడు చదరపు సెంటీమీటరుకు దాదాపు 47 కిలోలు, మెత్తబడిన రాగి తెగడానికి 2000 కిలోల దాకా కావాలి. బలహీనత బల్లపరుపు మూతల్లో, అతుకుల్లో ఉంటుంది. మధ్యలోని పొగగొట్టం రెండు మూతలనూ పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ డిజైన్‌లో వేరే స్టే (మూతలను బిగించి పట్టే కడ్డీ) అవసరం లేదు.

పద్ధతి: అన్ని రంధ్రాలకు మరల బిరడాలు వేసి, ఒకదానికి ప్రెషర్ గేజ్, ఒకదానికి చేతి పంపు తగిలించండి. ఇంజను నీటి ట్యాంకు కోసం చేసే చిన్న పంపే చాలు. బాయిలర్‌ను అటూ ఇటూ వంచుతూ గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపండి. 1 కిలో దగ్గర ఆగండి, చూడండి. 3 దగ్గర మళ్ళీ. ఆపైన అర కిలో చొప్పున 6 దాకా వెళ్ళి, అరగంట నిలపండి. మూతపై ఉక్కు స్కేలు ఆనించి, ముందూ తర్వాతా ఉబ్బు చూడండి. ఉబ్బు ప్రెషర్ తీశాక కూడా మిగిలితే ఆ మూత పనికిరాదు. చెమ్మ కనబడితే పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఖాళీ చేసి, నిమ్మ ఉప్పులో వేసి, మళ్ళీ వెండితోనే అతికించండి. సీసం టంకంతో మాత్రం పూయకండి. అది 183 డిగ్రీలకే కరుగుతుంది, 3 కిలోల ఆవిరి వేడే 143. నీళ్ళు తగ్గిన క్షణంలో ఆ తేడా చెరిగిపోతుంది.

నీళ్ళ పరీక్ష నెగ్గాక ఆవిరి పరీక్ష. మంట పూర్తిగా పెట్టి, ఆవిరి ఎటూ పోనివ్వకుండా, సేఫ్టీ వాల్వ్ ఒక్కటే ప్రెషర్‌ను 3.3 కిలోలు దాటనివ్వకుండా ఆపాలి. ఆపలేకపోతే వాల్వ్ దారి చిన్నదని అర్థం, స్ప్రింగ్ వదులు చేస్తే తీరే లోపం కాదు. మన బాయిలర్‌లో పట్టేది 200 మిల్లీలీటర్లు. 25 లీటర్ల లోపు పాత్రలు బాయిలర్ చట్టం కిందికి రావు, చూడటానికి ఇన్‌స్పెక్టర్ రాడు. కాబట్టి తేదీ, ప్రెషర్, నిలిపిన సేపు నోట్‌బుక్‌లో రాసి, ఏటా ఒకసారి 4.5 కిలోల దగ్గర మళ్ళీ పరీక్షించండి.

ప్రశ్న: కంప్రెసర్ గాలితో ఇంజను గడియారంలా తిరుగుతుంది. ఆవిరి పెడితే అర చుట్టు తిరిగి బిగుసుకుపోతుంది. ఎందుకు?
(ఒక పాఠకుడు, ఆదోని)

జవాబు: చల్లటి సిలిండర్‌ను తాకగానే ఆవిరి నీరవుతుంది. పిస్టన్ ముందు చేరిన ఆ నీరు నలగదు, చక్రం ఆగిపోతుంది. బలవంతంగా తిప్పితే రాడ్డు వంగుతుంది. డ్రెయిన్ కాక్ (సిలిండర్‌లోని నీరు వదిలే కుళాయి) లేని చిన్న ఇంజనులో, రెగ్యులేటర్ (ఆవిరి వదిలే వాల్వ్) కొద్దిగా తెరిచి ఇంజనును చేత్తో ముందుకూ వెనక్కూ పది పన్నెండు సార్లు తోయండి. చిమ్నీ నుంచి నీళ్ళు చిమ్మడం ఆగి, పొడి ఆవిరి వస్తే వదిలేయండి.

వేడెక్కాక కూడా బిగిస్తే పిస్టన్ చూడండి. గాలితో సరిగ్గా సరిపోయిన ఓ-రింగ్ (పిస్టన్ చుట్టూ ఉండే గుండ్రటి రబ్బరు వలయం) వేడికి ఉబ్బుతుంది. నైట్రైల్ రబ్బరు రింగ్ తీసి, వేడికి తట్టుకునే విటాన్ రబ్బరుది వేసి, గాడి లోతు 0.1 మి.మీ. పెంచండి. మోటార్ సైకిల్ ఆయిల్ పోస్తున్నారా? అది ఆవిరితో కలిసి మజ్జిగలా అవుతుంది. 460 గ్రేడ్ స్టీమ్ సిలిండర్ ఆయిల్ కావాలి. లూబ్రికేటర్‌లోకి (సిలిండర్‌కు ఆయిల్ అందించే చిన్న డబ్బా) దూరిన ఆవిరి నీరై అడుగుకు దిగుతుంది, ఆయిల్ పైకి లేచి 0.5 మి.మీ. రంధ్రం గుండా ఆవిరి పైపులోకి వెళుతుంది. కాబట్టి ప్రతి నడక తర్వాతా అడుగు నీరు తీసేసి కొత్త ఆయిల్ నింపండి.

ప్రశ్న: మా బోరు నీళ్ళకు గిన్నెలే తెల్లబడతాయి. బాయిలర్‌లో పోయవచ్చా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: పోయకండి. ఏసీ నుంచి కారే నీళ్ళను గుడ్డలో వడగట్టి వాడండి, లేదా బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్. ఆర్‌ఓ నీళ్ళు బోరు కన్నా మేలే, లవణాలు మాత్రం కొంత మిగులుతాయి. ఇప్పటికే తెల్లపొర పట్టి ఉంటే పైన చెప్పిన నిమ్మ ఉప్పే మందు.

ప్రశ్న: మీటర్ గేజ్ వైపీ (ప్రయాణికుల రైళ్లు లాగిన రకం) ఇంజను నమూనా చేయాలని నా కోరిక. మీ 45 మి.మీ. పట్టాలకు కుదురుతుందా?
(ఒక పాఠకుడు, గుంతకల్లు)

జవాబు: బాగా కుదురుతుంది. మీటరును 45 మి.మీ.తో భాగిస్తే 22.2, అసలు కొలతలను దాంతోనే భాగించాలి. వైపీ పెద్ద చక్రం 1372 మి.మీ., మీకు 62 వస్తుంది. వైజీ (గూడ్సు రకం) అయితే 1219కి 55. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం మాత్రం 40 మి.మీ. పెట్టండి, అక్కడ స్కేలు పట్టించుకోవద్దు. అయితే ఆరు పెద్ద చక్రాలు, బయటి వాల్వ్ గేర్ (సిలిండర్‌కు ఆవిరి వదిలే వాల్వులను నడిపే కడ్డీల అమరిక) మొదటి పనికి ఎక్కువ. ఊగే సిలిండర్లతో నాలుగు చక్రాల ఇంజను ఒకటి పూర్తి చేసి చూడండి. కుడి ఎడమ క్రాంకుల మధ్య 90 డిగ్రీలు రెండు ఇరుసుల్లోనూ ఒకేలా రావడం అందులోనే నేర్చుకోవచ్చు. 89 వచ్చినా ఫరవాలేదు, రెండింటికీ 89 అయితే చాలు. తేడా ఉంటేనే చక్రాలను కలిపే కప్లింగ్ రాడ్లు పట్టేస్తాయి.

ప్రశ్న: ఇంటి గ్యాస్ సిలిండర్ నుంచి ఇంజను ట్యాంకు నింపుకోవచ్చా?
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: వద్దే వద్దు. వంట గ్యాస్‌లో ప్రొపేన్ కలిసి ఉంటుంది, దాని ప్రెషర్ బ్యూటేన్ కన్నా చాలా ఎక్కువ. మీ ట్యాంకు బ్యూటేన్‌కు చేసింది. బ్యూటేన్ డబ్బానే కొనండి. నింపే ముందు ట్యాంకును పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే గ్యాస్ తేలిగ్గా దిగుతుంది, అయిదో వంతు ఖాళీ వదలండి. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో ట్యాంకు ప్రెషర్ పెరిగి మంట బర్నర్ నుంచి ఎగిరి ఆరిపోతుంది. జెట్ (గ్యాస్ వచ్చే సన్న రంధ్రం) పాడైందని విప్పేముందు, సాయంత్రం చల్లబడ్డాక ఒకసారి వెలిగించి చూడండి.