ఇల్లు కొడుక్కి గిఫ్ట్ డీడ్ చేశాక తిండి పెట్టట్లేదు. నల్లగొండలో లాయర్‌ను పెట్టుకోవాలా?

వెంటనే ఫీజు కట్టకండి. 60 ఏళ్లు నిండినవారు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో నేరుగా దరఖాస్తు ఇవ్వొచ్చు. సెక్షన్ 17 అయితే అసలు లాయర్ వద్దనే అంటుంది (కొన్ని హైకోర్టులు ఒప్పుకోలేదనుకోండి).

కేసు నిలిచేదీ పోయేదీ దస్తావేజులోనే. సెక్షన్ 23 కింద గిఫ్ట్ రద్దు కావాలంటే, పోషిస్తారన్న షరతు మీదే రాసిచ్చినట్టు కనబడాలి. చాలా డీడ్లలో రైటర్లు 'ప్రేమాభిమానాలతో' అని రాసి ఊరుకుంటారు, చిక్కంతా అక్కడే. షరతు విడిగా వేరే కాగితంలో ఉన్నా పట్టుకెళ్లండి. అదే రోజు విడిగా రాసుకున్న హామీపత్రాన్ని సుప్రీంకోర్టు 2025 జనవరిలో లెక్కలోకి తీసుకుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి డీడ్ సర్టిఫైడ్ కాపీ, వయసు రుజువు జతచేయండి. ఓడిపోతే 60 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు.

ఇల్లు ఇప్పటికే బయటివాళ్లకు అమ్మేసి ఉంటే మాత్రం లాయర్ కావాల్సిందే. సెక్షన్ 23 పిటిషన్లు ఇంతకుముందు వేశారా అని అడిగి, ఫీజు విడతలుగా మాట్లాడుకోండి. రాసిచ్చింది అమ్మ అయితే, ఆదాయం ఎంతున్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.